నూటపాతికల టీచర్

టీచర్ పోయారన్న ఫోన్ వచ్చినప్పుడు నేను నారాయణగూడలో పనిచేసే ల్యాబులో ఒక పెద్దాయన చేతికి రబ్బరు పట్టీ బిగిస్తున్నాను. ఉదయం ఏడు దాటింది. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళతో బెంచీలు నిండిపోయి ఉన్నాయి. ఫోన్ చేసింది టీచర్ కూతురు. "అయిపోయిందే" అంది, అంతే. నేను "సరే అక్కా" అన్నాను. ఏం సరే? ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. నరం వెతికాను, సూది పెట్టాను, పేరు రాసిన స్టిక్కరు గొట్టానికి అంటించాను. ఆ తరువాత వెనక గదిలోకి వెళ్ళి దూది పెట్టెల మధ్య కూర్చుని గట్టిగా ఏడ్చాను. బయటినుంచి ఆ పెద్దాయన, "ఏమైంది బిడ్డా, నా రక్తంల ఏమన్న కనవడ్డదా?" అని అడిగాడు. పాపం, చాలా భయపడిపోయాడు.

ఆమె గురించి రాయమని నన్ను ఎవరూ అడగలేదు. పేపర్లో ఫోటో వేసేంత పేరు ఆమెకు లేదు. నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెప్పారు, రిటైరయ్యారు. సాయంత్రాలు చిక్కడపల్లిలో తన ఇంటి వరండాలో మాలాంటి మొద్దులకు ట్యూషన్ చెప్పారు. అలాంటి టీచర్లు మన వీధుల్లో ఇంటికొకరు ఉంటారని మీరనొచ్చు. ఉండొచ్చు. నాకు మాత్రం ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ పోయారు, అందుకే రాస్తున్నాను.

నేను అయిదో తరగతిలో ఉండగా మా అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని ఆ వరండా దాకా ఈడ్చుకెళ్ళింది. "టీచరమ్మా, దీనికి లెక్కలంటే జరమొస్తది. మీరే జర చూడాలె" అని చెప్పింది. టీచర్ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. పెళ్ళయి తెనాలి వైపు నుంచి వచ్చి అప్పటికే ఇరవై ఏళ్ళయినా ఆమె మాట మాత్రం అక్కడిదే. తలెత్తి నన్ను చూసి, "రానివ్వండమ్మా జ్వరం. వచ్చి, తగ్గాకే మొదలుపెడదాం" అన్నారు. నాకు నవ్వొచ్చింది గానీ, కోపంగా ఉన్నాను కాబట్టి నవ్వలేదు. నాకు కోపం ఎక్కువ. ఇప్పుడూ అంతే.

ఆ వరండాలో ఎర్ర గచ్చు మీద గుండ్రంగా ఎనిమిది మందిమి కూర్చునేవాళ్ళం. ఎనిమిది మందికి మించి ఆమె చేర్చుకోలేదు. తొమ్మిదో పిల్లను తీసుకొచ్చిన తల్లిదండ్రులను మర్యాదగా వెనక్కి పంపేసేవారు. మేం ఎనిమిదిమందిమే ఎందుకో తెలియడానికి నాకు రెండు వారాలు పట్టింది.

రోజూ పుస్తకాలు తెరవడానికి ముందు నూటపాతిక లెక్క ఉండేది. మొదటి పిల్ల నూటపాతిక అనాలి. పక్కనున్నవాళ్ళు దానికి ఇంకో నూటపాతిక కలిపి రెండు వందల యాభై అనాలి. మూడో చోటు నాది, మూడు వందల డెబ్భై అయిదు. అలా అయిదు వందలు, ఆరు వందల పాతిక, ఏడు వందల యాభై, ఎనిమిది వందల డెబ్భై అయిదు. ఎనిమిదో పిల్ల దగ్గరికొచ్చేసరికి గుండ్రంగా వెయ్యి. మళ్ళీ మొదటి పిల్ల వెయ్యిన్నూటపాతిక, ఆ తరువాత పన్నెండు వందల యాభై. తిరిగి నా దగ్గరికొచ్చేసరికి పదమూడు వందల డెబ్భై అయిదు. రెండు వారాల తరువాత ఒక సాయంత్రం నాకు ఒక్కసారిగా తట్టింది. ఎన్ని చుట్లు తిరిగినా నాకు వచ్చే అంకెకు చివర మూడు వందల డెబ్భై అయిదే. ముందు వెయ్యి మారుతుంది, నా తోక మారదు. ఎవరి తోక వాళ్ళది. ఎనిమిది మందే ఎందుకు ఉండాలో అప్పుడు అర్థమైంది. ఆ మాట నేను గట్టిగా అరిచి చెబితే టీచర్ లేచి వంటింట్లోకి వెళ్ళి ఒక బెల్లం ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. లెక్కల్లో నేను సంపాదించిన మొదటి బహుమతి అది, చివరిదీ అదే.

కాగితం మీద రాయనిచ్చేవారు కాదు. "రాస్తే లెక్క నీ చెయ్యి చేస్తుందే, నువ్వు చెయ్యవు" అనేవారు. ఎవరైనా రాకపోతే వాళ్ళ చోటు ఖాళీగా ఉంచకుండా మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ తనే వచ్చి కూర్చునేవారు. ఆ పిల్లకు రావలసిన అంకె ఆమె చెప్పేవారు. మర్నాడు ఆ పిల్ల వస్తే, "నిన్న నీ బదులు నేను వచ్చాను, ఇవాళ నా బదులు నువ్వు బుద్ధిగా ఉండు" అనేవారు.

ఎనిమిదో చోటంటే మా అందరికీ మోజు. ఎప్పుడూ వెయ్యి, రెండు వేలు, మూడు వేలు. రాజుగారిలా చెప్పుకోవచ్చు. అక్కడ కూర్చునే అశోక్‌నగర్ అమ్మాయి అంటే నాకు ఒళ్ళు మంట. ఒకరోజు బడి నుంచి ఇంటికి కూడా పోకుండా వచ్చి ఆ చోట్లో కూర్చున్నాను. ఆ పిల్ల ఏడ్చింది. టీచర్ నన్ను లేవమనలేదు. పది నిమిషాలు వెయ్యి, రెండు వేలు, మూడు వేలు అంటూ కూర్చున్నాక నాకు ఆవలింతలు మొదలయ్యాయి. ఆలోచించడానికి అందులో ఏమీ లేదు. మర్నాడు ఎవరూ చెప్పకుండానే నా మూడో చోటుకు వచ్చేశాను. టీచర్ నన్ను చూసి, "సున్నాలు బరువుండవే పిల్లా, అందుకే సరదా తొందరగా తీరిపోతుంది" అన్నారు.

తప్పు చెబితే ఆమె ఆపేవారు కాదు. ఇది మీరు గమనించాలి. నేను ఒకసారి మూడు వందల డెబ్భై అయిదు బదులు మూడు వందల అరవై అయిదు అన్నాను. టీచర్ ముఖంలో చిన్న మార్పు కూడా లేదు. నా పక్కవాడు నాలుగు వందల తొంభై అన్నాడు. తరువాత ఆరు వందల పదిహేను, ఏడు వందల నలభై, ఎనిమిది వందల అరవై అయిదు. ఎనిమిదో అమ్మాయి తనకు వెయ్యి రాకుండా తొమ్మిది వందల తొంభై వచ్చేసరికి లబోదిబోమంది. అప్పుడు అందరం వెనక్కి నడిచి, ఎవరి తోక ఎక్కడ తెగిందో వెతికాం. నా దగ్గర దొరికింది. "తప్పు నేను చూపిస్తే అది నాది. నువ్వు పట్టుకుంటే నీది" అన్నారు టీచర్. ఆ రోజు కూడా నాకు కోపమే వచ్చింది.

ఇంటి నుంచి నారాయణగూడ బడికి ఆమె నడిచే వెళ్ళేవారు. దారిలో కరెంటు స్తంభానికొక తొంభై తొమ్మిది కలుపుకుంటూ పోవడం ఆమెకు అలవాటు. అప్పుడప్పుడు నేనూ పక్కన నడిచేదాన్ని. తొంభై తొమ్మిది, నూట తొంభై ఎనిమిది, రెండు వందల తొంభై ఏడు, మూడు వందల తొంభై ఆరు. "చూడవే, ఎడమవైపు అంకె మేడ ఎక్కుతోంది, కుడివైపుది దిగుతోంది, మధ్యలో తొమ్మిది ఎటూ కదలకుండా కూర్చుంది, మీ తాతలాగా" అనేవారు. నిజంగానే మా తాత వరండాలో కుర్చీలోంచి కదిలేవాడు కాదు. ఆ తరువాతి కాలంలో మెట్రో వచ్చింది, స్తంభాలు పోయాయి, మెయిన్ రోడ్డు నడుమ పెద్ద పెద్ద పిల్లర్లు లేచాయి. వాటి మీద నంబర్లు వేసి ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. టీచర్ వాటిని పట్టించుకోలేదు. "వాళ్ళ నంబర్లు వాళ్ళవి" అని తన తొంభై తొమ్మిదులు తనే కలుపుకుంటూ కూరగాయలకు పోయేవారు.

నేను లెక్కల్లో గొప్పదాన్నేమీ కాలేదు. రక్తం తీసే పని నేర్చుకున్నాను. మా ల్యాబులో గొట్టాలు పెట్టే స్టాండుకు డెబ్భై రెండు గుంతలుంటాయి. ఒక్కో స్టాండు నిండినప్పుడల్లా నా నోరు తనంతట తానే డెబ్భై రెండు, నూట నలభై నాలుగు, రెండు వందల పదహారు అని పోతుంది. అయిదో స్టాండుకు మూడు వందల అరవై వస్తుంది, నిండు చుట్టు. దాన్ని చూసి ఇప్పటికీ సంతోషపడతాను. ఆ సంతోషం ఆమె పెట్టింది. పెళ్ళి, పిల్లలు, అత్తగారి పోరు, ఇవన్నీ నడుస్తుండగా కూడా నెలకొకసారైనా వెళ్ళి ఆ గచ్చు మీద కూర్చుని వచ్చేదాన్ని.

పోయిన చలికాలం ఒక పొద్దున టీచర్ స్నానాల గదిలో పడిపోయారు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక నేను వెళ్ళి చూస్తే, మంచం మీద కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. పలకరిస్తే "దా, దా" అని అర్థం లేని ఒక శబ్దం వచ్చింది. కళ్ళు నా మీదుగా వెళ్ళిపోయాయి, గోడ మీదుగా వెళ్ళినట్టే.

ఆమెను చూసుకునేది కూతురే. అక్క పెళ్ళి చేసుకోలేదు. విద్యానగర్‌లో ఒక కాలేజీలో లైబ్రేరియన్. సెలవు పెట్టి ఇంట్లోనే ఉండిపోయింది. తల్లికి నోరు కడగడం, పక్క మార్చడం, గంజి తాగించడం అన్నీ చేసింది, విసుక్కోవడం నేను చూడలేదు. ఒక్క విషయమే ఆమెను లోపల్లోపల తినేసింది. నాతో ఒకసారి వంటింట్లో నిలబడి చెప్పింది. "నడవకపోయినా ఫర్వాలేదే. మాట్లాడకపోయినా ఫర్వాలేదు. నేనెవరో తెలుస్తోందా లేదా, అదొక్కటి తెలిస్తే చాలు నాకు. తిండి పెడుతున్నవాళ్ళు ఎవరో తెలియకుండా తింటోందా అమ్మ?" నేను అక్క ముఖంలోకి చూడలేకపోయాను.

ల్యాబులో నా డ్యూటీ రెండు గంటలకు అయిపోతుంది. అప్పటినుంచి రోజూ ఇంటికి పోయే ముందు చిక్కడపల్లి వెళ్ళడం మొదలుపెట్టాను. మాట నేర్పించడానికి వారానికి రెండుసార్లు ఒక చిన్న వయసు డాక్టరమ్మ వచ్చేది. మాటలు పోయినవాళ్ళకు కూడా ఒక్కోసారి పాటలు, పద్యాలు, ఒకటి రెండు మూడు లాంటివి మిగులుతాయని, ప్రయత్నించి చూడమని ఆమె చెప్పింది. టీచర్‌కు పాటలు రావు. ఆమె పాడితే మేం చెవులు మూసుకునేవాళ్ళం. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన పచ్చి బఠాణీలు ఒలుస్తూ, ఊరికే, "నూటపాతిక" అన్నాను.

"రెండు వందల యాభై" అన్నారు టీచర్.

స్పష్టంగా. ఆ గొంతే. చేతిలో బఠాణీలు చాప మీదంతా పడిపోయాయి. ఏరుకునే ఓపిక లేదు నాకు. ఆమె ఆగలేదు, మూడు వందల డెబ్భై అయిదు, అయిదు వందలు అంటూ వెళ్ళిపోయారు. అక్క తడి చేతులతో పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఆ రోజు మేమిద్దరం ఆ మంచం పక్కన ఏడ్చిన ఏడుపు పూర్తిగా సంతోషమే.

ఆ తరువాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అయినా చెబుతాను, ఎందుకంటే అది మాలాంటి శిష్యులే చేయగల తప్పు. వరండాలో చదివిన మా ఎనిమిది మందిలో అయిదుగురం ఇంకా ఈ చుట్టుపక్కలే ఉన్నాం. ఫోన్లో మాకొక గ్రూపు ఉంది. ఆ రోజే వాళ్ళకు కబురు పెట్టాను. ఇక వంతులు మొదలయ్యాయి. మధ్యాహ్నం ఒకరు, సాయంత్రం ఒకరు వెళ్ళి టీచర్ చేత లెక్క చెప్పించడం, ఎక్కడి దాకా వెళ్ళిందో గ్రూపులో పెట్టడం. ఇవాళ అయిదు వేలు. ఇవాళ తొమ్మిది వేలు. ఇవాళ పన్నెండు వేలు దాటింది. మాట తిరిగొస్తోందని మేమే తీర్మానించేసుకున్నాం. అది మాట కాదండీ, అలవాటు, నోరు తనంతట తానే పోతుంది, మొదలుపెడితే ఆపుకోవడం వాళ్ళ చేతుల్లో ఉండదు అని డాక్టరమ్మ చెబుతూనే ఉంది. నిన్నగాక మొన్న చదువు అయిపోయిన పిల్లకు మా టీచర్ గురించి ఏం తెలుసని నేను లోపల తిట్టుకున్నాను.

ఇరవై వేలు చేయించాలని ఒకరోజు పట్టుబట్టి కూర్చున్నాను. ఎనిమిదో చోటు అశోక్‌నగర్ అమ్మాయి, ఇప్పుడు తనూ నలభై దాటింది, ఫోనుతో వీడియో తీస్తోంది. పద్నాలుగు వేలు, పదిహేను వేలు, పదహారు వేలు. టీచర్ నుదుటి మీద చెమట పట్టింది. మాట ముద్దగా అవుతోంది. కళ్ళు అక్క కోసం గుమ్మం వైపు తిరిగాయి, భయంగా. నోరు మాత్రం పోతూనే ఉంది. నేను "ఇంకొంచెమే టీచర్, వచ్చేసినం, వచ్చేసినం" అంటూ చేత్తో తాళం వేస్తున్నాను. అక్క వచ్చింది. మంచం మీద కూర్చుని తల్లి నోటి మీద అరచెయ్యి పెట్టింది. ఆ చేతి కింద కూడా పెదవులు కాసేపు కదులుతూనే ఉన్నాయి.

"మీకు లెక్క కావాలి" అంది అక్క. గొంతు పెంచలేదు. "నాకు మా అమ్మ కావాలి. ఇక చాలు, వెళ్ళండి."

ముందు నాకు కోపం వచ్చింది. మంచి చేయబోతే వెళ్ళగొడతారా అని గొణుక్కుంటూ అశోక్‌నగర్ క్రాస్ రోడ్ల దాకా నడిచాను. అక్కడ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని టిఫిన్ బండి చుట్టూ నిలబడి, ఒకరినొకరు ప్రశ్నలడుగుతూ తింటున్నారు. నాకు ఆ బండి పక్కన నిలబడగానే టీచర్ నుదుటి మీద చెమట గుర్తొచ్చింది. నేను ఏనాడైనా ఆ వరండాలో అలా చెమట పట్టేదాకా లెక్క చెప్పానా? ఆమె ఏనాడైనా చెప్పించారా? ఫుట్‌పాత్ మీదే కూర్చుండిపోయాను. అయిదు రోజులు చిక్కడపల్లి వైపు వెళ్ళలేదు. వెళ్ళే ముఖం లేదు.

ఆరో రోజు జామకాయలు కొనుక్కుని వెళ్ళాను. "తప్పయింది అక్కా" అన్నాను. "కూర్చో, కాఫీ పెడతా" అంది అక్క. మంచి మనుషుల దగ్గర క్షమాపణలు పెద్ద పని కాదు. ఆ రోజు నేను టీచర్ చేత ఏమీ చెప్పించలేదు. ముందు కుడి చెయ్యి, తరువాత ఎడమ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని ఆమె గోళ్ళు కత్తిరించాను. పొద్దున్నుంచి ఎనభై మందికి పైగా రక్తం తీసి ఉన్నాను, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒక్కో గోరుకు ఒకటి చొప్పున నాకు నేనే, ఎవరికోసమూ కాకుండా, మెల్లగా అనుకుంటున్నాను. నూటపాతిక. రెండు వందల యాభై. మూడు వందల డెబ్భై అయిదు. అయిదు వందలు. ఆరు వందల పాతిక. అలసటలో ఏడు వందల పాతిక అనేశాను.

"కాదు" అన్నారు టీచర్.

కత్తెర ఆగిపోయింది. తలెత్తి చూశాను. ఆ కళ్ళు నా మీదే ఉన్నాయి. నా మీదుగా పోవడం లేదు. "ఏమన్నరు టీచర్?" అని అడిగితే మౌనం. "ఏడు వందల ముప్పై?" అన్నాను. "కాదు." "ఏడు వందల యాభై?" ఆమె ఏమీ అనలేదు. కళ్ళార్పి, తరువాతి వేలు నా వైపు కొద్దిగా జరిపారు.

జీవితమంతా ఏ పిల్లకూ ఆ మాట చెప్పకుండా గడిపిన మనిషి. తప్పు మా అంతట మేమే పట్టుకునేదాకా నోరు మూసుకుని కూర్చున్న మనిషి. చివరికి ఆమె దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే. డాక్టరమ్మ చెప్పినట్టు నోరు తనంతట తానే లెక్క చెప్పగలదేమో. కానీ ఎదుటి మనిషి తప్పును నోరు తనంతట తాను పట్టుకోలేదు కదా. అది పట్టుకోవాలంటే లోపల మనిషి ఉండాలి. టీచర్ ఉన్నారు. అన్ని నెలలూ ఉన్నారు. మేం ఆమెను పలకరించడం మానేసి లెక్క చెప్పించాం.

వంటింట్లోకి వెళ్ళి అక్కకు చెప్పాను. అక్క స్టవ్ ఆపి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఇంటర్వ్యూకు వెళ్తున్నదానిలా వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. భయపడుతోందని నాకు తెలుసు. నెలల తరబడి తెలుసుకోవాలనుకున్నది తెలిసిపోయే సమయం వచ్చేసరికి భయమేసింది ఆమెకు.

"అమ్మా, నేను నర్సునా?" అంది.

"కాదు."

"పిన్నినా?" పిన్ని అంటే టీచర్ చెల్లెలు, పోయి చాలా ఏళ్ళయింది.

"కాదు."

"నీ ట్యూషన్ పిల్లనా?"

టీచర్ కొంచెం ఆగారు. నా వైపు చూశారు, మళ్ళీ అక్క వైపు చూశారు. "కాదు."

అక్క గొంతు సవరించుకుంది. "నీ కూతుర్నా?"

ఏమీ లేదు. ఫ్యాను తిరుగుతోంది. బయట వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. అక్క మళ్ళీ అడిగింది, ఇంకా మెల్లగా. "నీ కూతుర్నా అమ్మా?" టీచర్ ఏమీ అనకుండా, పనిచేసే ఆ ఎడమ చేత్తో అక్క చెంప మీద అంటిన శనగపిండి తుడిచారు. అక్క తల్లి ఒళ్ళో తల పెట్టేసింది. నేను వరండాలోకి వచ్చేశాను, ఆ గదిలో నాకు పని లేదు అప్పుడు.

ఆ తరువాత ఆ ఇంట్లో మాట్లాడుకునే పద్ధతే మారిపోయింది. అవునని చెప్పడం ఆమెకు రాదు. కాదంటే కాదు, మౌనమంటే అవును. వద్దు, లేదు, అక్కర్లేదు, అన్నింటికీ అదొక్కటే. టీ కావాలా? కాదు. కాఫీ? మౌనం. సరే, కాఫీ. కిటికీకి కొత్త తెర వేస్తే కాదు. టీవీలో ఒక నాయకుడు మాట్లాడుతుంటే ఎవరూ అడక్కుండానే కాదు. "టీచర్, నేను సన్నవడ్డనా?" అని అడిగితే వెంటనే కాదు. అక్క పడీపడీ నవ్వింది. మా గ్రూపువాళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి ఫోన్లు సంచుల్లో పెట్టుకుని. అశోక్‌నగర్ అమ్మాయి తన కొడుకు ఫోటోలు చూపించి, వాడి పేరు ఇదా, అదా అని తప్పు పేర్లు చెబుతూ టీచర్ చేత గంటసేపు కాదనిపించింది. అసలు పేరు వచ్చేసరికి టీచర్ మూతి బిగించి కూర్చున్నారు. అలా ఏడు వారాలు గడిచాయి. నా జీవితంలో ఎక్కువ నవ్విన మధ్యాహ్నాలు బహుశా అవే.

ఆ తరువాత జ్వరం వచ్చింది, ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంచారు. ఇక చేయగలిగింది పెద్దగా లేదని, ఇంటికి తీసుకెళ్ళినా మంచిదేనని అక్కడి పెద్ద డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. అక్క తల్లినే అడిగింది. ఇక్కడే ఉందామా? కాదు. ఇంటికి పోదామా? మౌనం. తెచ్చేశాం.

నేను ఆమెను ఆఖరుసారి చూసింది పోవడానికి ముందురోజు మధ్యాహ్నం. డ్యూటీ నుంచి నేరుగా వెళ్ళాను. టీచర్ చాలా చిన్నగా అయిపోయారు. మంచంలో సగం చోటు ఖాళీగా ఉంది. ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది, ప్రతి ఊపిరికీ మెడ దగ్గర చర్మం లోపలికి పోతోంది. నాడి చూశాను. చూడకుండా ఉండాల్సింది, నా పని అదే కాబట్టి నాకు అర్థమైపోయింది. అక్క నా ముఖం చూసింది. ఆమెకూ అర్థమైంది.

అక్క దూదితో తల్లి పెదవులు తడిపింది. మంచం మీదికి వంగి, "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగింది.

"కాదు." వినపడీ వినపడనట్టు, అయినా అదే మాట.

"భయమేస్తోందా?"

"కాదు."

అబద్ధం చెప్పే మనిషి కాదు ఆమె. ఆ మాట నాకు అప్పుడూ ధైర్యమిచ్చింది, ఇప్పుడూ ఇస్తోంది. అక్క ఇక అడగదనుకున్నాను. అడగొద్దని మనసులో దండం పెట్టుకున్నాను కూడా. కానీ ఆమె కూతురు కదా. తల్లి నుదుటి మీద వెంట్రుకలు వెనక్కి సర్ది, చిన్నపిల్ల గొంతుతో అడిగేసింది.

"నన్ను వదిలేసి వెళ్ళిపోతున్నావా అమ్మా?"

టీచర్ ఆమెనే చూస్తున్నారు. కళ్ళల్లో తడి ఉంది, చూపు స్పష్టంగా ఉంది. నేను మంచం పట్టీ గట్టిగా పట్టుకున్నాను. ఒక్కసారి అనండి టీచర్, అబద్ధమైనా సరే అనండి అని నా లోపల అరుస్తున్నాను. ఒక ఊపిరి వెళ్ళింది, ఇంకో ఊపిరి వచ్చింది, మూడోది కూడా వచ్చింది. అక్క ఇంకా కిందికి వంగి, ఆ పెదవులకు తన చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయింది.